చివరివాడి కత్తి

త్రినాథ్ కొన్నాళ్లుగా బనీను విప్పకుండా మూటలు మోస్తున్నాడు. మిరపకాయల ముఠాలో అది ఎంతోకాలం దాగే సంగతి కాదు.

గుంటూరు శివార్లలోని ఆ కోల్డ్ స్టోరేజీలో హమాలీలంతా లుంగీ ఎగ్గట్టి, తలకి తువ్వాలు చుట్టి, బోడి వీపుల మీదే టిక్కీలు మోస్తారు. టిక్కీ అంటే ఎండుమిరపకాయలు కుక్కి కుట్టిన గోనె మూట. బనీను వేసుకుంటే కారం నలుసులు బట్టలో దిగి, చెమటకి నాని, సాయంత్రం దాకా ఒంటిని కాలుస్తూనే ఉంటాయి. అందుకని వీపు మీద గుడ్డ ఉండకూడదు. గుడ్డే కాదు, వెంట్రుక కూడా ఉండకూడదని ఆ ముఠా కట్టుబాటు. వెంట్రుకల్లో కారం నిలుస్తుందనీ, గోనె పీచు చిక్కుకుని మూట దించేటప్పుడు ప్రాణం లాగేస్తుందనీ అంటారు. అమావాస్యకీ పున్నమికీ అక్కడ సరుకు కదలదు. ఆ రోజుల్లో ముఠా మేస్త్రీ బుల్లయ్య కత్తి పట్టుకుని అందరి మెడలూ, భుజాలూ, వీపులూ గొరుగుతాడు. మంగలిని పిలిచే పని లేదు. మేస్త్రీ కత్తి కింద వీపు వంచినవాడే ముఠాలో మనిషి.

త్రినాథ్ ఈ సీజనుకే పొదిలి నుంచి వచ్చాడు. అందరితోపాటు వీపు వంచాడు. గొరిగించుకున్న నాలుగైదు రోజులకి మెడ కింద, భుజాల మీద ఎర్రటి పొక్కులు లేచాయి. మొదట చెమటకాయలనుకుని ఊరుకున్నాడు. తర్వాత వేడి గడ్డలనుకుని సున్నం, బెల్లం కలిపి పట్టీ వేశాడు. అవి తగ్గకపోగా ఒక్కో పొక్కు నెత్తినా చీము చుక్క పుట్టింది. పడుకుంటే గోకుడు, లేచి టిక్కీ భుజాన వేసుకుంటే కళ్లల్లోంచి నీళ్లు. ముఠాలో కళ్లనీళ్లని ఎవరూ పట్టించుకోరు, ఘాటుకి అందరికీ కారుతూనే ఉంటాయి. అదొక్కటే అతనికి కలిసొచ్చింది.

ఆ రోజు లారీవాడు తొందరపెడుతున్నాడు. బుల్లయ్యా, అతని వెనకే తిరిగే శ్రీకృష్ణా చెరో ఇనుప కొక్కెంతో టిక్కీని లేపి, వరసగా వంగి నిలబడ్డవాళ్ల వీపుల మీద పడేస్తున్నారు. త్రినాథ్ వంతు వచ్చింది. మూట పడగానే మెడ కింద ఏదో చిట్లి వెచ్చగా కారింది. అడుగు తడబడింది. మోకాలు నేలకి తగిలింది. మూట జారి, కుట్టు తెగి, మిరపకాయలు చుట్టూ చిందాయి.

బుల్లయ్య ముందు డొక్కలో తన్నాడు, తర్వాత ఏమైందని అడిగాడు. అతని వరస ఎప్పుడూ అంతే. త్రినాథ్ లేచేలోపు శ్రీకృష్ణ అతని బనీను మీద తడి మచ్చ చూశాడు. చేత్తో ముట్టుకోలేదు. కొక్కెం కొసని మెడ దగ్గర గుడ్డలోకి దూర్చి కిందికి ఒక్క గుంజు గుంజాడు. బనీను నిలువునా చిరిగింది. దాంతోపాటు చర్మం మీద కూడా ఎర్రటి గీత పడింది.

"గజ్జిరా," అన్నాడు శ్రీకృష్ణ.

ఆ మాటకి ముఠా అంతా వెనక్కి జరిగింది. ఒకే కుండలో నీళ్లు తాగేవాళ్లు, ఒకే కత్తి కింద కూర్చునేవాళ్లు. ఒకడు తన భుజం తడిమి చూసుకున్నాడు. ఇంకొకడు ఇంట్లో పసిపిల్ల ఉందన్నాడు. వాళ్ల భయంలో అబద్ధం లేదు, అందుకే ఎవరికీ జాలి పుట్టలేదు. కడిగి పారెయ్యమన్నాడు బుల్లయ్య. శ్రీకృష్ణ ఒక చెయ్యి, ఇంకొకడు ఇంకో చెయ్యి విరిచి పట్టుకుని త్రినాథ్‌ని నీళ్ల డ్రమ్ము మీదికి బోర్లా వంచారు. ఖాళీ చేసిన టిక్కీ గోనె ఒకటి తెచ్చి ఉప్పు కలిపిన నీళ్లలో ముంచారు. దాని లోపల కారం ఇంకా అంటుకునే ఉంది. బుల్లయ్య దాన్ని చుట్టలా చుట్టి, గేదెని తోమినట్టు మెడ నుంచి నడుము దాకా తోమాడు.

త్రినాథ్ మొదటిసారి అరిచాడు. రెండోసారికి గొంతు పెగల్లేదు. డ్రమ్ములో నీళ్లు మూతికి తగులుతున్నాయి, నోరు తెరిస్తే లోపలికి పోతున్నాయి. ఒక్కో పొక్కూ తెగినప్పుడల్లా వీపు దానంతటదే పైకి లేస్తోంది. లేచినప్పుడల్లా శ్రీకృష్ణ మోచేత్తో కిందికి నొక్కుతున్నాడు. రక్తం, ఉప్పు, కారం కలిసి పక్కటెముకల వెంట కారి లుంగీ అంచున చేరాయి. బుల్లయ్య తన చెయ్యి నొప్పి పుట్టాక గాని ఆపలేదు.

షెడ్డులో కూర్చుని కాయల తొడిమలు తీస్తున్న ఆడవాళ్లు చేతులాపి చూశారు. ఒక పెద్దామె ఏదో అనబోయి, బుల్లయ్య చూపు తగలగానే మళ్లీ కాయల మీదికి వంగింది. సిలార్ కూడా అక్కడే ఉన్నాడు. ముఠాలో వయసుకి పెద్దవాడు, త్రినాథ్‌కి తన ఇంటి వసారాలో పడుకోవడానికి చోటిచ్చినవాడు. అతను తలకున్న తువ్వాలు విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. చుట్టుకున్నదాన్ని మళ్లీ విప్పాడు. అంతకు మించి ఏమీ చెయ్యలేదు.

బుల్లయ్య గోనె విసిరేసి తీర్పు చెప్పాడు.

"ఎల్లుండి అమావాస్య. అందరితోపాటు గొరిగించుకోవాల, మర్నాటి నుంచి మూట మొయ్యాల. మొయ్యలేకపోతే మార్టూరు నుంచి ఇంకోణ్ణి తెచ్చుకుంటా. నువ్వు పొదిలి బస్సెక్కు."

పొదిలిలో త్రినాథ్ వేసిన కంది కాయ పట్టకుండానే మాడిపోయింది. ఈ సీజను మూటలు మొయ్యకపోతే భార్య బిందుమాధవికి తన మొహం ఎలా చూపించాలో అతనికి తెలియదు. పడ్డచోటి నుంచి లేచి, చిందిన మిరపకాయలు ఏరి గోనెలో వెయ్యడం మొదలుపెట్టాడు. ముట్టుకోవద్దని శ్రీకృష్ణ అతని చెయ్యి మీద కాలు పెట్టాడు.

మర్నాడు పొద్దున సిలార్ అతన్ని పేటలోని హెల్త్ సెంటర్‌కి తీసుకెళ్లాడు. నిన్న తువ్వాలు చుట్టుకుంటూ నిలబడ్డ మనిషి ఇవాళ ఆటో ఎక్కించి, పక్కన కూర్చుని, గుంతలు వచ్చినప్పుడల్లా త్రినాథ్ వీపు సీటుకి తగలకుండా చెయ్యి అడ్డం పెడుతుంటే త్రినాథ్‌కి ఒళ్లు మండింది. ఆ చేతిని తోసెయ్యాలనిపించింది. కానీ తోసెయ్యలేదు. ఆ చెయ్యి కూడా లేకపోతే తనకి ఈ ఊళ్లో ఎవరూ లేరు.

డాక్టర్ షహనాజ్ చిన్న వయసు మనిషి. వీపు చూడగానే మొహం ముడిచింది గాని, వెనక్కి జరగలేదు. ముందు చేతులు చాపమంది. వేళ్ల సందులు విడదీసి చూసింది, మణికట్లు చూసింది, బొడ్డు చుట్టూ చూసింది. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా అని సిలార్‌ని అడిగింది. లేదన్నాడు. గజ్జి అయితే ముందు ఈ సందుల్లో కనపడాలి, ఇంట్లో వాళ్లకీ పాకాలి, ఇది గజ్జి కాదని ఆమె తేల్చి చెప్పింది. తర్వాత అతన్ని కిటికీ వైపు తిప్పి, ఒక పొక్కుని మందుతో తుడిచి, సన్నటి సూది మొనతో పైపొరని కొంచెం లేపింది. నొప్పి కంటే ముందు ఏదో వదులైనట్టయింది. సూది మొన మీద నల్లగా చుట్టుకున్న వెంట్రుక ఒకటి మెల్లగా నిటారుగా లేచింది.

"ఇదేనయ్యా నీ గజ్జి," అంది. "నీ ఒంటి వెంట్రుకే."

ఎలా గొరిగారని అడిగింది. త్రినాథ్ చెప్పాడు. నీళ్లు పెట్టరు. చర్మాన్ని బొటనవేలితో లాగి పట్టి, కత్తిని కింద నుంచి పైకి, వెంట్రుక వాలుకి ఎదురుగా, నొక్కిపెట్టి గీస్తారు. చెయ్యి పెట్టి చూసుకుని గరుకు తగిలితే మళ్లీ గీస్తారు. ఆమె తల కొట్టుకున్నంత పనిచేసింది. అలా గీస్తే వెంట్రుక చర్మం లోపలికి తెగుతుందని, ఉంగరాల జుట్టు కాబట్టి మళ్లీ పెరిగేటప్పుడు పైకి దారి దొరక్క పక్కకి తిరిగి ఒంట్లోకే గుచ్చుకుంటుందని, ముల్లు దిగితే వాచినట్టు దాని చుట్టూ వాస్తుందని చెప్పింది. పైన గోనె రాపిడి, చెమట, కారం ఉండనే ఉన్నాయి. ఒక్కొక్కరి తీరు ఒక్కోలా ఉంటుంది, తిన్నని జుట్టు ఉన్నవాళ్లకి ఇంతగా రాదంది. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదు గాని, అందరికీ ఒకే కత్తి వాడితే ఇంతకంటే పెద్ద రోగాలు అంటుకుంటాయని కూడా తిట్టింది.

గోకకూడదు, పిండకూడదు, సూదితో సొంతంగా కెలక్కూడదు. గోరువెచ్చటి నీళ్లలో గుడ్డ తడిపి రోజుకి కొన్నిసార్లు వేసుకోవాలి. చీము పట్టిన చోట్ల ఈ మందు రాయాలి, ఈ మాత్రలు మింగాలి. ఆఖరున, నెల రోజులు అక్కడ కత్తి తగలకూడదు, గోనె తగలకూడదు అంది. త్రినాథ్‌కి నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నావని అడిగితే ముఠా సంగతి చెప్పాడు. అప్పుడామె అతని మణికట్టు మీద వేళ్ల ముద్రలు, వీపు మీద గోనె గీతలు ఇంకోసారి చూసింది. ఇవెలా వచ్చాయంది. పడ్డానన్నాడు. ఆమె నమ్మలేదు. మందుల చీటీ రాస్తుంటే కలం కాగితంలో దిగబడింది.

"అసలు గొరక్కపోతే ఏమవుద్ది మీ ముఠాలో?" అని అడిగింది.

గొరగని వీపుతో మూట మోసినవాణ్ణి వాళ్లిద్దరూ ఎన్నడూ చూడలేదు. ఇక తప్పకపోతే ముందు బాగా తడిపి, సబ్బు నురగ పెట్టి, వెంట్రుక వాలునే, చర్మం లాగకుండా, నొక్కకుండా ఒకే ఒక్కసారి గియ్యమని చెప్పి పంపింది.

తిరిగి వస్తుంటే ఆటోలో త్రినాథ్‌కి ఒక సంగతి గుర్తొచ్చింది. కిందటి పున్నమికి అందరి వీపులూ ఎండుగా, ఎదురుగా గీకిన బుల్లయ్య, తన వంతు వచ్చేసరికి చెంబుతో నీళ్లు తెప్పించుకున్నాడు. సబ్బు రాయించుకున్నాడు. మెత్తగా కిందికి గియ్యమని శ్రీకృష్ణకి చెప్పాడు. అది చూసి మేస్త్రీ సుఖం మరిగినవాడని అప్పుడు అంతా నవ్వుకున్నారు. ఇప్పుడు అది తలుచుకుంటే త్రినాథ్ పళ్లు వాటంతటవే బిగుసుకున్నాయి.

అమావాస్య నాడు షెడ్డు నీడలో చెక్కపెట్టె బోర్లించి, దాని మీద ఒక్కొక్కణ్ణీ కూర్చోబెడుతున్నాడు బుల్లయ్య. ఆ ముఠాలో ఇంకో కట్టుబాటు ఉంది. చివర కూర్చున్నవాడు లేచాక కత్తి వాడి చేతికి వస్తుంది. వాడే మేస్త్రీ వీపు గొరగాలి. నా మెడ కూడా మీ చేతిలో పెడుతున్నానని ముఠాకి మేస్త్రీ చెప్పడం అన్నమాట. ఎవరి చేతిలో పెట్టాలో బుల్లయ్యకి బాగా తెలుసు కాబట్టి ఎప్పుడూ శ్రీకృష్ణే చివర కూర్చుంటాడు.

త్రినాథ్ తన వంతు రాకముందే వెళ్లి బుల్లయ్య ఎదుట నిలబడి డాక్టరమ్మ చెప్పిన మాటలన్నీ చెప్పాడు. తడబడుతూనే చెప్పాడు గాని ఏదీ మింగలేదు. ఇది గజ్జి కాదు, వెంట్రుక లోపలికి తిరిగింది, ఎదురు గియ్యడం వల్ల వచ్చింది, నెల రోజులు ఆగనివ్వమన్నాడు.

"అంటే నా కత్తి వల్ల వచ్చిందంటావు," అన్నాడు బుల్లయ్య.

కత్తి పట్టుకున్న చెయ్యి మడిచి, ఆ పిడితోనే మూతి మీద కొట్టాడు. త్రినాథ్ కింది పెదవి పంటికి తగిలి చీలింది. అతను చెయ్యి అడ్డం పెట్టుకునేలోపు చెంప మీద ఇంకోటి పడింది. ఇన్నేళ్లుగా ఇన్ని వీపులు గొరిగాను, ఒక్కడూ నోరెత్తలేదు, నిన్నగాక మొన్న వచ్చిన నీకు నా చెయ్యి రోగమైందా అని ప్రతి మాటకీ ఒక దెబ్బ వేశాడు. త్రినాథ్ సాక్ష్యానికి సిలార్ వైపు చూశాడు. సిలార్ నేల చూపులు చూస్తున్నాడు.

గొరిగించుకుంటేనే మూట, లేకపోతే బస్సు అని బుల్లయ్య మళ్లీ అన్నాడు. త్రినాథ్ రక్తం ఉమ్మి, పెట్టె వైపు నడిచాడు. అక్కడ రభస మొదలైంది. వాడి తర్వాత మేం కూర్చోం, ఆ కత్తి మాకు తగలనివ్వం అని అందరూ అడ్డం తిరిగారు. అందరికంటే గట్టిగా అరిచినవాడు శ్రీకృష్ణ. సరే, వీణ్ణి చివర్న పెట్టండి అన్నాడు బుల్లయ్య. అందరూ అయ్యాక, శ్రీకృష్ణ కూడా లేచాక, త్రినాథ్ పెట్టె మీద కూర్చున్నాడు.

బుల్లయ్య బొటనవేలు అతని భుజం మీద చర్మాన్ని గట్టిగా లాగింది. ఎండు కత్తి కింద నుంచి పైకి వచ్చింది. నిన్న మొన్న పక్కు కట్టిన పొక్కుల నెత్తులన్నీ ఒక్కొక్కటే తెగుతుంటే త్రినాథ్ మోకాళ్లని రెండు చేతులా పట్టుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, మధ్యలో మర్చిపోయాడు. బుల్లయ్య తొందరపడలేదు. గీసినచోటే మళ్లీ గీశాడు. కత్తికి అంటిన నెత్తుటిని త్రినాథ్ లుంగీకే తుడిచి, ఇప్పుడు నున్నగా ఉందని ముఠాకి చూపించాడు. ఒకరిద్దరు నవ్వారు.

అప్పుడు సిలార్ గొంతు సవరించుకున్నాడు. మరీ మెల్లగా అన్నాడు కాబట్టి ముందు ఎవరికీ అర్థం కాలేదు.

"చివర కూర్చున్నవాడిదే గదా కత్తి, మేస్త్రీ."

షెడ్డులో నవ్వు ఆగిపోయింది. శ్రీకృష్ణ కత్తి కోసం చెయ్యి చాపి, మధ్యలో ఆపాడు. బుల్లయ్య అందరి మొహాలూ చూశాడు. కట్టుబాటు తప్పిస్తే భయపడ్డాడంటారు. పెద్దగా నవ్వి, కత్తికున్న పాత బ్లేడు తీసేసి కొత్తది తొడిగాడు. త్రినాథ్‌ని సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కోమని, చొక్కా విప్పి పెట్టె మీద కూర్చున్నాడు.

అతని వీపు మీద వెంట్రుకలు కూడా ఉంగరాలే. త్రినాథ్‌వి ఎలా ఉంటాయో అలాగే. మెడ పక్కన చెవి కింద నరం కొట్టుకుంటోంది. త్రినాథ్ కత్తి అక్కడ ఆనించాడు. ఇంకొంచెం ముందుకి తిప్పి గట్టిగా లాగితే చాలు, ఈ డ్రమ్ము, ఈ గోనె, ఈ నవ్వులు అన్నీ అయిపోతాయి. ఆ ఆలోచన అతన్ని భయపెట్టలేదు, ఆకలి వేసినట్టు మామూలుగా వచ్చింది. బుల్లయ్య కూడా ఏదో పసిగట్టాడేమో, భుజాలు రాయిలా బిగించాడు. కానీ త్రినాథ్‌కి మూట కావాలి, జైలు కాదు. పైగా అతనికి ఇప్పుడు నిదానమైన దారి ఒకటి తెలుసు.

ఎడమ బొటనవేలితో చర్మాన్ని లాగి పట్టాడు. నడుము దగ్గర మొదలుపెట్టి, ఎండు కత్తిని పైకి, ఎదురు గీశాడు.

బుల్లయ్య ఉలిక్కిపడి, నీళ్లు పెట్టరా, కిందికి గియ్యరా అన్నాడు.

"నున్నగా రావాలంటే ఎదురే గియ్యాల గదా మేస్త్రీ," అన్నాడు త్రినాథ్. "నువ్వు మా అందరికీ అట్టాగే గీస్తావు."

ముఠా అంతా వింటోంది. బుల్లయ్య పళ్లు కొరుక్కుని ముందుకి వంగాడు. త్రినాథ్ జీవితంలో ఏ పనీ అంత శ్రద్ధగా చెయ్యలేదు. డాక్టరమ్మ వద్దన్నవన్నీ గుర్తుపెట్టుకుని ఒక్కటీ వదలకుండా చేశాడు. లాగాడు, నొక్కాడు, గీసినచోట అరచెయ్యి పెట్టి చూసి, గరుకు తగిలినచోట మళ్లీ గీశాడు. ఒక్క నెత్తుటి చుక్క కూడా రానివ్వలేదు. అయిపోయాక బుల్లయ్య తన భుజం తనే నిమురుకున్నాడు.

"గాజు పలకలా ఉందిరా," అన్నాడు. శ్రీకృష్ణకి ఎన్నడూ ఈ పనితనం రాలేదని కూడా అన్నాడు.

త్రినాథ్ మర్నాటి నుంచి మూటలు మోశాడు. వరసలో చివరివాడు, నీళ్ల సీసా వేరు, కూర్చునే చోటు వేరు. భుజాల మీద మడత పెట్టిన మెత్తటి పాత పంచె వేసుకుంటానంటే బుల్లయ్య ఏ కళనున్నాడో ఒప్పుకున్నాడు. పొద్దునా సాయంత్రం వసారాలో సిలార్ భార్య కాచిచ్చిన నీళ్లతో కాపడం పెట్టుకునేవాడు. గోకాలనిపిస్తే పిడికిళ్ల మీద కూర్చునేవాడు. పొక్కులు పూర్తిగా పోలేదు గాని చీము ఆగింది. మూట పడితే ఇప్పుడు నొప్పే, ఇదివరకటిలా ప్రాణం పోవడం లేదు.

అతను తన వీపు కంటే బుల్లయ్య వీపునే ఎక్కువ చూస్తున్నాడు. రెండు రోజులు ఏమీ లేదు. ఆ తర్వాత మేస్త్రీ ముతక తువ్వాలుతో మెడ రాసుకోవడం మొదలుపెట్టాడు. తర్వాత తూకం కాటా స్తంభానికి వీపు ఆనించి రుద్దుకున్నాడు. ఒక మధ్యాహ్నం కొక్కెం పిడిని చొక్కాలోకి దూర్చి గోకుతున్నాడు. మేస్త్రీ పనిలో చొక్కా వేసుకోవడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు త్రినాథ్ అన్నం ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాడు.

శ్రీకృష్ణకి ఆ చొక్కా సంగతి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. మేస్త్రీకీ గజ్జి పట్టిందని ముఠాలో ఒక్కొక్కరి చెవిలో ఊదాడు. తనకి ఆ పనితనం రాలేదని అమావాస్య నాడు మేస్త్రీ అందరి ముందూ అన్న మాట అతని గుండెల్లో ఇంకా గుచ్చుతోంది. దానికి తోడు మేస్త్రీ లేకపోతే ఆ చోటు ఎవరిదో అతనికి తెలుసు. లారీకి సరుకు ఎత్తుతుండగా, త్రినాథ్ వీపున టిక్కీ పడిన క్షణానే, శ్రీకృష్ణ కొక్కెం తిప్పి బుల్లయ్య చొక్కా కాలరులో తగిలించి గుంజాడు.

మెడ నుంచి భుజాల దాకా ఎర్రటి పొక్కులు, నెత్తిన చీము చుక్కలు. అచ్చం త్రినాథ్ వీపే.

ముఠా ఈసారి వెనక్కి జరగలేదు. ముందుకి వచ్చింది. తన్నులు తిననివాడు అందులో ఒక్కడూ లేడు. ఇద్దరు చేతులు విరిచి పట్టుకున్నారు, ఒకడు మోకాలితో నడుము మీద పొడిచి డ్రమ్ము మీదికి వంచాడు. ఎవరో అప్పటికే గోనె ముంచుతున్నారు. బుల్లయ్య బలమైనవాడు, ఒకణ్ణి తలతో గుద్ది ముక్కు పగలగొట్టాడు. దానికి నలుగురు మీద పడ్డారు. అతను నీళ్లలోంచి మొహం ఎత్తి అరిచాడు.

"గజ్జి కాదురా. వెంట్రుక లోపలికి తిరిగింది. త్రినాథ్‌ని అడగండి. ఆ డాక్టరమ్మ ఏం చెప్పిందో వాణ్ణి అడగండి."

అందరూ త్రినాథ్ వైపు తిరిగారు. అతని వీపున మూట ఉంది. నోట్లో మాట కూడా ఉంది. ఆ మాట చెప్పినందుకే అతని పెదవి చీలింది, చీలిక ఇంకా మానలేదు. బుల్లయ్య ఎర్రబడ్డ కళ్లు అతన్ని బతిమాలుతున్నాయి.

త్రినాథ్ మూటతో లారీ వైపు నడిచాడు.

వెనక శ్రీకృష్ణ నవ్వడం వినిపించింది. తర్వాత తడి గోనె ఒంటి మీద పడిన చప్పుడు. త్రినాథ్ చెక్క మీదుగా లారీ ఎక్కాడు. మొదటి అరుపు వచ్చింది. అది ఉప్పుకి. అతను మూట దించాడు, వరసలో సరిగ్గా పెట్టాడు, మూల పొంగితే మోకాలితో నొక్కాడు. రెండో అరుపు వచ్చింది, అది కారానికి. అతనికి తేడా తెలుసు. చెయ్యి దులుపుకున్నాడు. కుట్టు ఒకటి వదులుగా ఉంటే దాన్ని కూడా బిగించాడు. అవసరం లేని పని అది. మూడోసారి అరుపు రాలేదు, నీళ్లు మింగుతున్న గుడగుడ వచ్చింది. ఆ చప్పుడు బయటి నుంచి ఎలా ఉంటుందో త్రినాథ్ మొదటిసారి విన్నాడు. లారీ మీంచి దూకాడు.

"వదలండ్రా," అన్నాడు. "గజ్జి కాదది."

శ్రీకృష్ణ గోనె ఆపకుండానే, మరేంట్రా అన్నాడు. త్రినాథ్ వెళ్లి ఆ గోనె లాక్కున్నాడు. లాక్కున్నందుకు దవడ మీద గుద్దు పడింది. అతను తిరిగి గుద్దాడు. శ్రీకృష్ణ మిరపకాయల మీద వెనక్కి పడ్డాడు. లేవబోతే సిలార్ వచ్చి అతనికీ త్రినాథ్‌కీ మధ్య నిలబడ్డాడు. తువ్వాలు చేతిలో ఉంది గాని దాన్ని చుట్టుకోవడం లేదు.

"ఎండు కత్తితో ఎదురు గీస్తే నాకొచ్చింది," అన్నాడు త్రినాథ్. "నేను ఎదురు గీస్తే ఈయనకొచ్చింది. కావాలనే గీశా."

సిలార్ అవునన్నాడు. డాక్టరమ్మ చెబుతుంటే తానూ విన్నానన్నాడు. ముఠాలో ఒకడు తన భుజం తడుముకుని, చెయ్యి అక్కడే ఉంచేశాడు. బుల్లయ్య చేతులు పట్టుకున్నవాళ్లు ఒక్కొక్కరే వదిలారు. అతను డ్రమ్ము అంచు పట్టుకుని లేచాడు, దగ్గి నీళ్లు కక్కాడు, త్రినాథ్‌ని చూశాడు. కావాలనే అన్న మాట అతనికి వినపడింది. చంపేస్తాడనే అంతా అనుకున్నారు. అతను నిలబడలేక అక్కడే నేల మీద చతికిలబడ్డాడు.

"ఇప్పుడేం చెయ్యాలిరా?" అన్నాడు.

గోకకూడదని, కాపడం పెట్టాలని, నెల రోజులు కత్తి ముట్టకూడదని త్రినాథ్ చెప్పాడు. గోనె కూడా తగలనివ్వకూడదని చెప్పేటప్పుడు అతని గొంతు ఎవరి మీదా కసి లేనట్టు మామూలుగా ఉంది. తొడిమలు తీసే పెద్దామె చెప్పకుండానే లేచి, టీ పొయ్యి మీద నీళ్లు వెచ్చబెట్టి తెచ్చింది. సిలార్ తన తువ్వాలు ఇచ్చాడు. త్రినాథ్ దాన్ని తడిపి, పిండి, మోకాళ్ల మీద కూర్చుని బుల్లయ్య వీపు మీదికి చెయ్యి చాపాడు.

బుల్లయ్య ముడుచుకున్నాడు. తల భుజాల్లోకి దింపేసి, కళ్లు మూసుకుని, దెబ్బ కోసం చూశాడు.

తన చెయ్యి చూసి ఒక మనిషి అలా ముడుచుకోవడం త్రినాథ్‌కి బుద్ధి తెలిశాక ఇదే మొదలు. అది బాగుంది. అంత బాగున్నందుకు అతనికి తన మీద తనకే భయమేసింది. గుడ్డ చల్లారిపోతుంటే మళ్లీ వేడినీళ్లలో ముంచి, పిండి, ఈసారి ఇంకా నెమ్మదిగా వేశాడు.